అనధికార స్వరం

ఉప్పు గిడ్డంగుల సంస్థలో నాయకత్వ లోపం ఉందన్న సంగతి దాని ఎండీగారికి ఒక కొండమీద తెలిసింది.

ఆ వేసవిలో అక్కడెక్కడో చల్లటి చోట పెద్ద పెద్ద సంస్థల అధిపతులకు శిబిరం జరిగింది. శిక్షకుడొకాయన పగలంతా నాయకత్వం గురించి మాట్లాడి, భోజనాలయ్యాక గిటారు అందుకున్నాడు. వెనక నలుగురు తాళం వేస్తూంటే తాను ముందుకొచ్చి నిలబడి వాయించాడు. అలా ముందు నిలబడి వాయించేదాన్ని లీడ్ గిటారంటారని చెప్పాడు. ఎండీగారు ఆ మాట పట్టుకున్నారు. లీడ్ చేసేవాడు లీడరు. లీడరుకు ఉండేది లీడర్‌షిప్పు. కాబట్టి లీడ్ గిటారు రానివాడికి లీడర్‌షిప్పు రాదు. ఇంత సులువైన విషయం ఇన్నాళ్లూ తన కింద పనిచేసేవాళ్లలో ఒక్కరికీ తట్టకపోవడమే సంస్థలో నాయకత్వం లేదనడానికి నిదర్శనమని ఆయన కొండ దిగుతూ అనుకున్నారు.

దిగిన వారానికే బందరు ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తర్వు వచ్చింది. ప్రాంతీయ మేనేజరు భుజంగరావు సిబ్బంది అందరినీ పిలిపించి, తాను లేచి నిలబడి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సీనియర్ అసిస్టెంటు మొదలు పై హోదా గల ఉద్యోగులందరూ రాబోవు ఆరు మాసములలో లీడ్ గిటారునందు ప్రావీణ్యము సంపాదించవలెను. క్రింది హోదావారు బల్లలపై తాళము వేయుచు సహకరించవలెను. ఇకమీదట పదోన్నతులకు సదరు ప్రావీణ్యమే కొలమానము."

పదోన్నతి అన్న మాట వినగానే పరసా హైమావతి తలెత్తింది. ఆమె సీనియర్ అసిస్టెంటు. సూపరింటెండెంటు రిటైరై నాలుగేళ్లయింది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది, ఆ కుర్చీ పని మాత్రం ఇన్‌చార్జి పేరుతో హైమావతి చేస్తోంది. పని పైవాళ్లది, జీతం కిందవాళ్లది. సర్వీసు ఇంకెంతో లేదు. ఆ కుర్చీలో ఒక్క ఏడాదన్నా సొంతంగా కూర్చుని దిగిపోవాలని ఆమె కోరిక.

సంగీతానికీ ఆమెకూ ఏనాడూ పడలేదు. చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడేటప్పుడు, నువ్వు నోరు కదిపితే చాలు, శబ్దం అక్కర్లేదని టీచరు చెప్పిన బాపతు. ఇంటికెళ్లి భర్త పద్మనాభానికి సంగతి చెప్పింది. కోర్టు దగ్గర జిరాక్సు షాపు నడుపుకునే ఆయన చొక్కా వంకెకు తగిలిస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇన్నేళ్లూ వాళ్లు నిన్ను వాయించారు. ఇప్పుడు నువ్వు వాయించు."

నేర్పడానికి డానియేలును కుదిర్చారు. ఆదివారాలు చర్చిలోనూ, ముహూర్తాల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలోనూ గిటారు వాయించే మనిషి. ఆయన్ను మాస్టారు అనకూడదని, 'ఒప్పంద ప్రాతిపదికన స్వర వనరుల నిపుణుడు' అనాలని కేంద్ర కార్యాలయం చెప్పింది. అందరూ మాస్టారు అనే పిలిచారు.

కొత్త గిటార్లు లారీలో దిగాయి. డానియేలు ఒకటి తీసి తిరగేసి, మరొకటి తీసి తిరగేసి, తీగెలు లేవండీ అన్నాడు. వాకబు చేస్తే తేలిందేమిటంటే, టెండరులో గిటార్లని మాత్రమే రాశారు. గిటారు స్థిరంగా ఉండే వస్తువు కనక ఒక పద్దు, తీగెలు అరిగి తెగిపోయేవి కనక వేరే పద్దు. వాటికి వేరే టెండరు. భుజంగరావు దీనికి కంగారు పడలేదు. తీగెలు వచ్చేలోపు తీగెలతో నిమిత్తం లేని భాగమంతా బోధించేయమన్నాడు. అలా ఆ ఎండాకాలమంతా బందరు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్లూ మేనేజర్లూ ఉత్త చెక్క మీద వేళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో నేర్చుకున్నారు. 'శిక్షణ ప్రశాంతముగా సాగుచున్నది, ఇప్పటివరకు ఒక్క అపస్వరమైనను నమోదు కాలేదు' అని నివేదిక వెళ్లింది. తిరుగు టపాలో అభినందన వచ్చింది.

తొలకరి పడ్డాక తీగెలొచ్చాయి. మొదటి రోజు అందరూ కలిసి మీటేసరికి కప్పు మీది పావురాలు లేచి సముద్రం వైపు పోయాయి. హైమావతి వేళ్ల కొసలు కాయలు కాసి పగిలాయి. చారులోకి చింతపండు పిసుకుతుంటే భగ్గుమనేవి. మానేద్దామనుకుంది. అలా అనుకున్న మధ్యాహ్నమే డానియేలు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"మేడం, చూపుడు వేలు అడ్డంగా మొదటి మెట్టు మీద పరవండి. మిగతా వేళ్లు ఇట్టా పెట్టండి. ఇది ఎఫ్ కార్డు, అంటే కొన్ని స్వరాలు కలిసి ఒక్కసారే మోగేది. ఇప్పుడు వేళ్లు చెదరకుండా చెయ్యి మొత్తం మూడో మెట్టుకి జరపండి."

జరిపింది. అది జి అన్నాడు. అయిదో మెట్టుకు జరపమన్నాడు. అది ఏ అన్నాడు.

"నేను చేసిందేం లేదుగా, జరిపానంతే," అంది హైమావతి.

"అంతేనండి. చెయ్యి అదే, ఆకారం అదే. చోటు మారితే పేరు మారుద్ది. ఒక్కటి నేర్చుకుంటే అన్నీ వచ్చినట్టే."

ఆ తర్వాత లీడ్ వాయించే పద్ధతి చూపించాడు. అయిదో మెట్టు దగ్గర మొదలుపెట్టి అయిదే అయిదు స్వరాలు, దాన్ని ఏ స్కేలంటారు. తీగెల మీద అవి ఒక బొమ్మలా అమరి ఉంటాయి. ఆ బొమ్మను ఎనిమిదో మెట్టుకు తీసుకెళ్తే మరో స్కేలు, పదో మెట్టుకు తీసుకెళ్తే ఇంకో స్కేలు. వేళ్ల నడక మాత్రం మారదు. హైమావతి చీరాలలో పనిచేసింది, రేపల్లెలో పనిచేసింది, బందరు వచ్చింది. ప్రతిచోటా ఒకే ఉత్తర్వుకు ఒక్కో మేనేజరు ఒక్కో అర్థం చెప్పేవాడు. ఆమె సర్వీసులో చాలా నియమాలు చూసింది గాని, ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా పనికొచ్చే నియమాన్ని చూడడం అదే మొదలు. ఆ రోజు అయిదున్నరకు గంట కొట్టినా ఆమె లేవలేదు.

మర్నాటి నుంచి గిటారు ఇంటికి తీసుకెళ్లడానికి అనుమతి రాయించుకుంది. తెల్లారి పద్మనాభం షాపుకు వెళ్లగానే పెరటి గుమ్మంలో కూర్చుని వాయించేది. కందిపప్పు రెండుసార్లు మాడింది. పద్మనాభం మాడిన పప్పే కలుపుకుని తిన్నాడు. మూడోసారి మాత్రం, పోనీ ఊరగాయ ఉందిగా అన్నాడు.

చిక్కు నెలవారీ నివేదికతో వచ్చింది. 'సీనియర్ అసిస్టెంట్లందరికీ ఏ స్కేలు వచ్చినది' అని భుజంగరావు సంతోషంగా రాసి పంపాడు. కేంద్ర కార్యాలయంలో జీతాల విభాగం వాళ్లు అది చదివి నిర్ఘాంతపోయారు. ఫోను చేసి అరగంట మాట్లాడారు. భుజంగరావు చెమట తుడుచుకుంటూ డానియేలునూ హైమావతినీ పిలిపించాడు.

"వీళ్లకి ఏ స్కేలు ఎవరు మంజూరు చేశారయ్యా?"

"మంజూరేంటండి, నేర్పించాను," అన్నాడు డానియేలు.

"నేర్పిస్తే వచ్చేదాన్ని స్కేలు అనరు. స్కేలు పే కమిషన్ ఇవ్వాలి."

డానియేలు అమాయకుడు. సంగీతంలో స్కేళ్లు చాలా రకాలుంటాయని, అయిదు స్వరాలవి, ఆరు స్వరాలవి, ఏడు స్వరాలవి, ఆఖరికి పన్నెండు స్వరాలదీ ఉందని విడమరిచి చెప్పాడు. భుజంగరావు ముఖం విప్పారింది. స్వరాల్లో కూడా కేడర్లున్నాయన్నమాట అని, ఆ మాటే పైకి రాశాడు.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సీనియర్ అసిస్టెంట్లకు అయిదు స్వరాలు, సూపరింటెండెంట్లకు ఆరు, మేనేజర్లకు ఏడు, ఎండీగారికి పన్నెండు. 'ఒక హోదావారు పై హోదా స్వరము గల మెట్టుపై వేలు మోపుట తీవ్ర క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును.' కార్డుల గురించి అందులోనే మరో పేరా ఉంది. కార్డును ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జరపడం బదిలీ కిందికి వస్తుంది. బదిలీలపై నిషేధం అమల్లో ఉంది. కనక నిషేధం ఎత్తేసేదాకా కార్డులన్నీ ఉన్నచోటే ఉండాలి. ఇక మైనరు కార్డులు వాయించదలచినవారు సంరక్షకుల అంగీకారపత్రం జతపరచాలి.

దాంతో కార్యాలయమంతా నెలపాటు ఒక్క ఎఫ్ కార్డే వాయించింది. డానియేలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. హైమావతి ఆఫీసులో ఉత్తర్వు ప్రకారం నడుచుకునేది. ఇంటికెళ్లి తలుపు గడియ పెట్టి బదిలీలు చేసేది.

ఆ నెలలోనే వానలు ముదిరాయి. కార్యాలయం వెనక మూడు గోడౌన్లున్నాయి. మొదటి రెండూ కప్పులు ఎగిరిపోయి ఎప్పుడో ఖాళీ అయ్యాయి. మూడోదాంట్లో ఉప్పు మడుల రైతులు ధర వచ్చేదాకా సరుకు దాచుకుంటారు. గాలివానకు దాని కప్పు రేకులు నాలుగు లేచాయి. రైతుల్లో మోకా పోతురాజు అనే ఆయన, మోకాళ్ల దాకా బురదతో, హైమావతి బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, పైనించి నీళ్లు ధారగా పడతన్నాయి. ఉప్పుకీ నీళ్లకీ పడదు గదమ్మా. ఒక్కసారొచ్చి చూత్తారా?"

వెళ్లి చూసింది. తెల్లటి కుప్ప నడుమ గుంటపడి, తలుపు కిందనుంచి ఉప్పునీళ్లు కాలవ కట్టి పోతున్నాయి. ఆమె రేకుల కోసం అంతకుముందే రెండుసార్లు రాసింది. ఆ పూటే మూడోసారి రాసి, తానే కేంద్ర కార్యాలయానికి ఫోను కూడా చేసింది. ఇంజనీరు గిటారు శిక్షణలో ఉన్నారని చెప్పారు. మరమ్మతుల పద్దులో సొమ్ము తీగెల కొనుగోలుకు మళ్లించారని కూడా చెప్పారు. టార్పాలిన్లన్నా ఇప్పించమని భుజంగరావు గదిలోకి వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని ఎఫ్ కార్డు సాధన చేస్తున్నాడు. అయిపోయేదాకా ఆగింది.

"శిక్షణ పూర్తయ్యేదాకా ఇతర కార్యక్రమాలకు ప్రాధాన్యం ఇవ్వొద్దని ఉత్తర్వుందండీ," అన్నాడాయన.

"ఉప్పు ఇతర కార్యక్రమమాండీ?"

"ప్రస్తుతానికి."

ఆమె బయటికొచ్చి, కార్డులు కదపడానికి వీల్లేదన్నట్టే ఇదీనని విసుగ్గా అంది. పోతురాజు తల ఊపాడు. మా కార్డు కూడా అంతేనమ్మా, ఊరు మారితే బియ్యం ఇవ్వరు అన్నాడు.

హైమావతి ఇంట్లో ఉన్న పాత పరదాలూ, జిరాక్సు షాపు మీద కప్పే పట్టా పట్టుకుపోయి కప్పించింది. గాలికి అవి ఆగలేదు. నెల తిరిగేసరికి గోడౌన్లో గోడల మీద మనిషెత్తున ఒక తెల్ల చార తప్ప ఉప్పన్నది లేదు. పోతురాజు ఖాళీ గోతాలు మడిచి నెత్తిన పెట్టుకుని ఆమె బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"సముద్రంలో కలిసిందిలేమ్మా. అక్కణ్ణుంచి తెచ్చిందేగా," అని వెళ్లిపోయాడు.

గడువు ముగిసింది. పదోన్నతి పరీక్షకు ఎండీగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అంతమంది కూర్చునేందుకు పెద్ద చోటు కావాలి. మూడో గోడౌన్ ఖాళీగా ఉంది కనక ఊడ్పించి, రంగు కాగితాలు కట్టి, వేదిక వేశారు. ఎండీగారు లోపలికి అడుగుపెట్టి, తన గొంతు గోడలకు తగిలి గంభీరంగా తిరిగిరావడం గమనించి, సంస్థకు ఇంత చక్కటి ఆడిటోరియం ఉన్నట్టు తనకెవరూ చెప్పలేదేమని అడిగారు. భుజంగరావు వినయంగా, ఈమధ్యనే సిద్ధం చేశామండీ అన్నాడు.

ముందు ఎండీగారు పన్నెండు స్వరాలనూ ఒక్కసారే మోగించి సభను ప్రారంభించారు. భుజంగరావు ఏడూ వాయించాడు. ఒకదానికొకటి సంబంధం లేకుండా, దేని గౌరవం దానికిస్తూ వాయించాడు. చప్పట్లు హోదాను బట్టి పడ్డాయి. వేదిక పక్కన కేంద్ర కార్యాలయం నుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయన స్వరాన్ని పట్టి చూపే చిన్న యంత్రం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా హోదా దాటితే అందులో ఎర్రదీపం వెలుగుతుంది.

హైమావతి వంతొచ్చింది. వెనక డానియేలు నెమ్మదిగా కార్డులు వేస్తున్నాడు. అయిదో మెట్టు దగ్గర చెయ్యి ఆనించి మొదలుపెట్టింది. అయిదు స్వరాలే, కాని అవి ఆమె చేతిలో ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాయి. తాళం వేసే అటెండర్లు తాళం వేస్తున్నామన్న సంగతి మరిచి వేశారు. ఇంకాసేపట్లో ముగించి దిగిపోయేదే. దిగిపోతే సూపరింటెండెంటు అయ్యేదే. తలెత్తేసరికి ఎదుటి గోడ మీది తెల్లచార కనిపించింది. ఆ చార కింద, అర్జీ ఇద్దామని వస్తే వాచ్‌మన్ తలుపు దగ్గరే ఆపేసిన పోతురాజు నిలబడి ఉన్నాడు.

తీగెను నొక్కిపట్టి పైకి తోస్తే స్వరం ఏడుస్తుందని డానియేలు ఒకసారి చూపించాడు. హైమావతి కావాలని చేసిందో, చెయ్యే చేసిందో ఆమె తర్వాత కూడా చెప్పలేకపోయింది. వేలు తనకిచ్చిన మెట్టు మీదే ఉంది. తీగె మాత్రం పక్కకు సాగింది. తనది కాని స్వరమొకటి లేచి, ఆ ఖాళీ గోడౌన్లో కప్పు దాకా వెళ్లి, గోడ గోడకూ తగిలి తిరిగొచ్చింది. పోతురాజు తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎర్రదీపం వెలిగింది.

అది ఎన్నో స్వరమని ఎండీగారు అడిగారు. ఆరోదండీ, సూపరింటెండెంటు స్వరమండీ అని యంత్రం ముందున్నాయన చెప్పాడు.

"సూపరింటెండెంటు పని నాలుగేళ్లుగా నేనే చేస్తున్నానండీ," అంది హైమావతి.

"పని వేరు, స్వరం వేరు," అన్నారు ఎండీగారు.

వారంలో ఆరోపణపత్రం చేతికొచ్చింది. 'శ్రీమతి పరసా హైమావతి, సీనియర్ అసిస్టెంటు, తనకు కేటాయించిన మెట్టుపైననే వేలు ఉంచి నియమపాలనను నటించుచు, తీగెను బలప్రయోగముతో ప్రక్కకు లాగి, పై హోదా స్వరమును అనధికారముగా అనుభవించినది.' పదోన్నతి నిలిపేశారు. విచారణాధికారిగా ఇవటూరి సోమయాజులు అనే రిటైరైన పెద్దాయన్ను వేశారు.

సోమయాజులు ముక్కుసూటి మనిషి. నేరం జరిగిన చోటే విచారణ జరగాలని పట్టుబట్టి మూడో గోడౌన్లో కుర్చీ వేయించుకున్నాడు. గిటారు ప్రధాన సాక్ష్యం కనక దాన్ని అక్కణ్ణుంచి కదపకూడదన్నాడు. ఆ స్వరాన్ని మళ్లీ పలికించగలిగినది నిందితురాలొక్కతే కనక, నేరం చేసే సామర్థ్యం ఆమెలో తగ్గిపోకుండా పనిదినాల్లో రోజూ సాధన చెయ్యాలని ఆదేశించాడు. తర్వాత ఆ స్వరం వినిపించమన్నాడు. వినిపించింది. స్పష్టత కోసం మరోసారి అన్నాడు. మూడోసారి ఎందుకో చెప్పలేదు.

రాసుకోవడం అయ్యాక హైమావతి అడిగింది.

"అయ్యా, ఈ గోడౌన్లో రైతుల ఉప్పంతా కరిగిపోయిందండీ. దాని సంగతి ఎవరూ అడగరేంటండీ?"

"అమ్మా, అది నా విచారణ పరిధిలోకి రాదు. నాకు అప్పగించింది స్వరం."

రెండో విచారణ నాటికి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. సోమయాజులు గొడుగు కింద కూర్చుని ప్రశ్నలు వేస్తున్నాడు. లేచిన రేకుల సందునుంచి నీళ్లు చుక్కలుగా మొదలై సన్నటి ధారగా గిటారు మీద పడసాగాయి. హైమావతి దాన్ని పక్కకు తియ్యబోయి, మళ్లీ ఆగింది. సాక్ష్యాన్ని కదపకూడదు కదా.

"ఇదన్నా పరిధిలోకి వస్తుందాండీ?" అంది.

సోమయాజులు మొదటిసారి తలెత్తి కప్పు వంక చూశాడు. అప్పటికప్పుడే ఉత్తర్వు చెప్పి రాయించాడు. ప్రధాన సాక్ష్యానికి నష్టం కలుగుతోంది, వారంలోగా కప్పు బాగుచేయించాలి, చేయించకపోతే సాక్ష్యం నాశనం చేసిన నేరం ప్రాంతీయ మేనేజరుగారి మీద పడుతుంది. మూడు ఉత్తరాలకూ ఫోనుకూ కదలని రేకులు నాలుగో రోజుకల్లా లారీలో దిగాయి. భుజంగరావు తానే నిచ్చెన పట్టుకున్నాడు.

హైమావతి ఆ రాత్రంతా నిద్రపోలేదని కాదుగాని, పొద్దున్న లేవడం మాత్రం ఒక ఆలోచనతో లేచింది. తర్వాతి విచారణలో చాలా మర్యాదగా ఒక మనవి చేసుకుంది. ఖాళీ గోడౌన్లో స్వరం గోడలకు తగిలి పెరుగుతుంది. తాను లాగింది ఎంత, గోడలు లాగింది ఎంత అన్నది తేలకుండా శిక్షవేస్తే అన్యాయం. ఇది ఉప్పు గోడౌను. ఉప్పు ఉన్నప్పుడు ఆ స్వరం ఎంత పలుకుతుందో అంతే తన నేరం. సోమయాజులు రెండు నిమిషాలు ఆలోచించి, న్యాయంగానే ఉందన్నాడు. గోడౌన్‌ను ఉప్పుతో నింపవలసిందిగా ఉత్తర్వు వెళ్లింది. ఎండలు మొదలై మడుల్లో కొత్త ఉప్పు తేలగానే పోతురాజూ తక్కిన రైతులూ బళ్లు తోలుకొచ్చారు. ఎందుకు రమ్మన్నారని వాళ్లు అడగలేదు. కప్పు వంక ఒకసారి చూసి బస్తాలు దించుకున్నారు. బస్తాల మధ్య ఒక కుర్చీ, ఒక గిటారు పట్టేంత చోటు వదిలారు. పదకొండింటికి హైమావతి అక్కడ సాధన చేస్తుంటే కూలీలు వింటూ తినడానికి భోజనాలు ముందుకు జరుపుకునేవారు.

ఆ వేసవిలో ఎండీగారు మారారు. కొత్త ఎండీగారు సముద్రపు ఒడ్డున జరిగిన శిబిరానికి వెళ్లొచ్చారు. మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చేవాడే నాయకుడు, కాబట్టి ఈత రానివాడు నాయకుడు కాలేడు. సాక్ష్యంగా ఉన్న ఒక్కటి తప్ప గిటార్లన్నీ వేలం వేశారు. డానియేలు మళ్లీ పెళ్లిళ్లకు వెళ్లిపోయాడు. పోతూ పోతూ, చెయ్యి వదలకండి మేడం అని చెప్పి వెళ్లాడు. ఈతకు కొలనులు కావాలి. కప్పుల్లేని గోడౌన్లలో ఎలాగూ నీళ్లు నిలుస్తున్నాయి కనక వాటినే కొలనులు చేస్తామన్నారు. మొదటి రెండిటి గుమ్మాలకూ గోడలు కట్టేశారు. మూడోదాన్ని కూడా ఖాళీ చేయించి కప్పు విప్పెయ్యాలని ఉంది గాని, అందులో విచారణ పెండింగులో ఉంది.

భుజంగరావు హైమావతిని గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. అంతకుముందెప్పుడూ కూర్చోమనలేదు. తలకు ఈత టోపీ ఉంది. ఒక్క సంతకం చాలన్నాడు. పొరపాటున లాగాను, మన్నించండి అని రాసిస్తే కేసు మూసేస్తారు. మర్నాడే సూపరింటెండెంటు ఆర్డరు. పాత పథకం కాబట్టి ఎవరికీ పట్టింపు లేదు. ఇంకా మొండికేస్తే ఇలాగే సీనియర్ అసిస్టెంటుగా దిగిపోవాల్సి వస్తుంది, పింఛను కూడా అంతేనని హెచ్చరించాడు.

ఆమె ఇంటికొచ్చి పద్మనాభానికి చెప్పింది. గిటారే అయితే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అన్నాడాయన. గిటారు ఒక్కటే కాదండీ అంది. అప్పుడు మూడో గోడౌను కప్పు సంగతి, కింద బస్తాల సంగతి చెప్పింది. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"కుర్చీ కోసం చూశావు కదే ఇన్నాళ్లూ."

"చూశానండీ."

మర్నాడు ఆమె వెళ్లేటప్పుడు ఆయన బస్‌స్టాండు దాకా వచ్చి దింపాడు.

నైరుతి మబ్బులు దక్షిణాన కమ్ముతున్న రోజు అది. బస్తాలు కప్పుకు జానెడు కింద దాకా ఉన్నాయి. సోమయాజులు కుర్చీలో కూర్చుని, ముందుగా రికార్డు కోసం స్వరం వినిపించమన్నాడు. ఉప్పు మధ్య ఆ స్వరం మోగలేదు. మెత్తగా, పక్కన కూర్చున్నవాళ్లకే చెప్పినట్టుగా పలికింది. పోతురాజు ఒక బస్తా మీద కూర్చుని విన్నాడు. సోమయాజులు కళ్లద్దాలు తుడుచుకుని, రాజీకి ఏదో కాగితం సిద్ధంగా ఉందని విన్నానని, నేరం ఒప్పుకుంటున్నారా అని అడిగాడు. తలుపు దగ్గర భుజంగరావు ఆ కాగితం పట్టుకునే నిలబడ్డాడు.

"ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదండీ," అంది హైమావతి. "కానీ నేను లాగింది సరిగ్గా ఆరో స్వరమా, దానికి కాస్త తక్కువా అన్నది నాకే ఇంకా తేల్లేదు. ఇంకొంచెం సాధన చెయ్యాలి. వాయిదా ఇప్పించండి."

"ఎంతకాలం?"

"వానాకాలం వెళ్లేదాకా చాలండీ."

పెద్దాయన ఆమె వంక చూశాడు. బస్తాల వంక చూశాడు. బస్తాల పైన కొత్త రేకుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత కలం తీసి వాయిదా మంజూరు చేశాడు. కారణమన్న చోట కాసేపు ఆగి, 'సాక్ష్యమును పొడిగా ఉంచవలసి యున్నది' అని రాశాడు.